సీట్ల టీచరమ్మ

ఆ ఊళ్ళో బడి ఎక్కడని అడిగితే దారి చెప్పడానికి ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారేమో గానీ, సీట్ల టీచరమ్మ ఎక్కడని అడిగితే ఆలోచించరు. "ఇప్పుడే ఇటు వెళ్ళిందండీ" అని చెయ్యి చూపిస్తారు. ఆవిడ ఎప్పుడూ ఇప్పుడే ఇటు వెళ్ళి ఉంటుంది. ఒకచోట నిలబడి ఉండగా చూసినవాళ్ళు తక్కువ, కూర్చుని ఉండగా చూసినవాళ్ళు అసలే లేరు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఆవిడ కుర్చీ మీద సుద్దముక్కల డబ్బాలు కూర్చుంటాయి.

పాఠం చెప్పేటప్పుడూ అదే తీరు. ఎవరైనా లేచి వాక్యం చదవడం మొదలుపెడితే సగం దాకా ఓపిక పట్టేది. మిగతా సగం తనే చదివేసి, "ఊఁ, తర్వాత" అనేది. చురుకైన పిల్లలు ఆవిడ అందుకునేలోపే ముగించాలని పందేలు వేసుకునేవాళ్ళు. నెమ్మదైన పిల్లలు సగం వాక్యాలతోనే పెద్దవాళ్ళయ్యారు. ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆవిడైతే అసలే పట్టించుకోలేదు.

భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఇంటి ముందు గదే ఆయన కొట్టు. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చునే మనిషి. దేవుడు ఇద్దరికీ చెరిసగం ఇవ్వాల్సిన కదలికంతా పొరపాటున ఒకరికే ఇచ్చేశాడని ఇరుగుపొరుగు అనుకునేవాళ్ళు.

"కాసేపు కూర్చోవోయ్. నువ్వలా తిరుగుతుంటే నా చేతిలో ముళ్ళు కూడా తిరుగుతున్నాయి" అనేవాడాయన.

"మీరు బాగుచేసేది అవి తిరగడానికేగా. మంచిదే" అంటూనే ఆవిడ గుమ్మం దాటేసేది.

సీట్ల టీచరమ్మ అన్న పేరు ఊరికే రాలేదు. నగరంలో సర్కారువారి పెద్ద హాస్టల్ స్కూలు ఒకటుంది. ఐదో తరగతి అయ్యాక పోటీ పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుంటారు. సీటు దొరికితే తిండీ బట్టా చదువూ అన్నీ పైదాకా వాళ్ళే చూసుకుంటారు. ఆవిడ ఈ ఊరికి వచ్చిన మొదటి ఏడాది, లారీ క్లీనర్ కొడుకు ఒకడు చురుగ్గా కనబడితే, వాణ్ణి రోజూ పొద్దున్నే తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి చదివించింది. వాడికి సీటు వచ్చింది. ఆ ఊరికి అంతకుముందు అలాంటిదేదీ రాలేదు, రైలుతో సహా. జనం విరగబడి వచ్చి చూశారు. టీచరమ్మ వాడికి ఫోటో తీయించి, అద్దం కట్టించి, బడి వరండాలో తగిలించింది.

మరుసటి ఏడాది ఇంకో ఇద్దరు. ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు. వరండా గోడ నిండిపోయి ఫోటోలు లోపలి గదుల్లోకి వచ్చాయి. ఫలితాలు తెలిసిన రోజున ఆవిడ కాలు నేల మీద నిలిచేది కాదు, సీటు వచ్చిన ప్రతి ఇంటికీ తనే వెళ్ళి చెప్పేది. సీటు రాని పిల్లల ఇళ్ళ ముందుకు వచ్చేసరికి మాత్రం నడక ఇంకాస్త జోరందుకునేది. వాళ్ళకేం చెప్పాలో ఆవిడకి తెలిసేది కాదు. తెలియనిదాని ముందు ఆగడం ఆవిడకి చేతకాదు.

నిజానికి ఆ బడిలో ఎనిమిదో తరగతి దాకా ఉంది. ఆ సంగతి ఊరు మెల్లమెల్లగా మర్చిపోయింది.

ఇలా ఉండగా ఒకరోజు విద్యాశాఖ ఆఫీసరు వచ్చాడు. మంచివాడే, చెప్పాల్సిన చెడ్డ మాటని నవ్వులో చుట్టి చెప్పే రకం. గదులన్నీ తిరిగి చూసి, "ఏమిటమ్మా, గోడ మీద ఉన్నంత మంది బెంచీల మీద లేరే" అన్నాడు.

టీచరమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

"వచ్చే ఏడు బడి తెరిచే రోజుకి నలభై మంది లేకపోతే, దీన్ని హైవే అవతలి బడిలో కలిపేస్తారు. ఇది పైనుంచి వచ్చిన మాట, నా చేతుల్లో ఏమీ లేదు" అని చెప్పి ఆయన జీపెక్కాడు.

హైవే అంటే మామూలు రోడ్డు కాదు. రాత్రనక పగలనక లారీలు పోతూనే ఉంటాయి. పెద్దవాళ్ళే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటతారు. ఒకటో తరగతి పిల్ల తల్లి ఒకావిడ ముందే తెగేసి చెప్పింది: "ఆ రోడ్డు దాటించి పంపేకన్నా పిల్లని ఇంట్లోనే కూర్చోబెట్టుకుంటాను." ఆవిడ అన్నంత పనీ చేస్తుందని టీచరమ్మకి తెలుసు. అలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి.

అప్పటి నుంచి ఆవిడ తిరుగుడు కాలుగాలిన పిల్లి తిరుగుడైంది. చంటిపిల్ల కనిపిస్తే చాలు, బుగ్గ గిల్లడానికి ముందు వయసు అడిగేది. కొత్త కాపురం దిగిందని తెలిస్తే సామాను లారీ మీద నుంచి దిగకముందే గుమ్మంలో నిలబడేది. అన్నం తింటూ లెక్కలు వేసుకునేది. లెక్క తప్పితే కంచం ముందు నుంచే లేచిపోయేది.

వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మర్యాదకి లోటు లేదు. మాట మాత్రం అందరిదీ ఒక్కటే.

"తప్పకుండా పంపిస్తాం టీచరమ్మా. ఐదో తరగతికి రాగానే మీ దగ్గర వేస్తాం. ఆ ఒక్క ఏడాదీ చూసుకుని సీటు ఇప్పిద్దురు గానీ."

"ఈలోపు చదవద్దా? ఆ తర్వాత చదవద్దా?"

"ఈలోపు ప్రైవేటు బడి పసుపు బస్సు ఇంటి ముందుకే వస్తోందిగా. తర్వాత సీటు వస్తుందిగా" అని వాళ్ళు నవ్వేవాళ్ళు.

బడిలో ఆవిడ తర్వాతివాడు లెక్కల సారు. ఊళ్ళోవాడే, సైకిల్ మీద వస్తాడు, అవసరమైతే తప్ప నోరు విప్పడు. ఆవిడ ఈ ముచ్చట చెప్పి తిట్టిపోస్తుంటే విని, "మన బడి బస్టాండైపోయింది మేడమ్. అందరూ వచ్చేది ఎక్కి వెళ్ళిపోవడానికే" అన్నాడు.

"అంటే తప్పు నాదంటారా?"

సారు నీళ్ళు నమిలాడు. ఆ నమలడంలోనే ఆవిడకి జవాబు దొరికింది.

ఇద్దరూ కూర్చుని, అంటే సారు కూర్చుని ఆవిడ నిలబడి, లెక్క వేశారు. ఉన్నవాళ్ళంతా ఉంటే నలభై గీతకి కాస్త పైన నిలబడతారు. ఐదో తరగతిలో సీటు పరీక్షకి పనికొచ్చేవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ వెళ్ళిపోతే గీత కిందికి జారిపోతారు.

"ముగ్గురి కోసం మిగతా అందరినీ హైవే మీద నిలబెడతామా?" అన్నాడు సారు. తన స్వార్థం కోసం అన్న మాట కాదది.

మర్నాడు టీచరమ్మ ఐదో తరగతిలో ప్రకటించింది: "ఈ ఏడు పొద్దుటి క్లాసు లేదు. నాకు మోకాలు నొప్పి."

మోకాలు నొప్పి అన్న మనిషి ఆ సాయంత్రమే ఊరంతా చుట్టి వచ్చింది. ఎవరూ నమ్మలేదు. అయినా ఎవరూ అడగలేదు, అంత గౌరవం. పరీక్షకి పేర్లు రాయించమన్న కబురు పైనుంచి వచ్చినా ఆవిడ పెదవి విప్పలేదు. ఆ ఊళ్ళో అలాంటి సంగతులు టీచరమ్మ నోటే తెలియాలి. ఆవిడ చెప్పకపోతే లేనట్టే.

ఆ ముగ్గురిలో ఒకత్తిని అందరూ పిడుగు అని పిలుస్తారు. బజారు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ కూతురు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసే పిల్ల. చిన్నప్పుడు తనూ ఇలాగే ఉండేదేమోనని టీచరమ్మకి లోలోపల ముచ్చట. క్లాసు లేదన్నాక కూడా ఈ పిల్ల పొద్దున్నే వచ్చి ఆవిడ ఇంటి వరండా మెట్టు మీద కూర్చునేది.

"లేదని చెప్పానుగా. ఎందుకొచ్చావే?"

"ఇంట్లో తోచలేదు టీచర్. పరీక్ష ఎప్పుడు?"

"ఇంకా చెప్పలేదమ్మా వాళ్ళు."

ఆ అబద్ధం ఆడిన రోజు ఆవిడ బడికి వెళ్తూ సగం దారిలో వెనక్కి వచ్చింది, ఎందుకొచ్చిందో తనకే తెలియక మళ్ళీ బయల్దేరింది. భర్త భూతద్దంలోంచి తలెత్తి చూశాడు.

"ఏం పోగొట్టుకున్నావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇంతలా వెతకవు" అని ఆయన మళ్ళీ తల దించుకున్నాడు.

పేర్లు రాయించే గడువు ఇంకా రెండ్రోజుల్లో ముగుస్తుందనగా, ఇస్త్రీ ఆవిడ ఇస్త్రీ చేసిన బట్టల మూట తెచ్చి ఇచ్చింది. ఇచ్చాక వెళ్ళకుండా నిలబడింది.

"మీ మోకాలు ఎలా ఉంది టీచరమ్మా?"

"పర్లేదు."

"తొందరగా తగ్గించుకోండి. మీ వెనక ఓ పిల్ల ఉంది మరి." ఆవిడ కాస్త సిగ్గుపడుతూ నవ్వింది. "ఫోటో కోసం గౌను కుట్టించాను. కొత్తది కాదులెండి, నా చీర చించి కుట్టించిందే. రోజూ సాయంత్రం బండి కట్టేసే ముందు, బొగ్గుల వేడి మిగిలుంటుందిగా, దాని మీదో రుద్దు రుద్ది పెడతాను. మీరెప్పుడు రమ్మంటే అప్పుడు నలగకుండా ఉండాలని."

టీచరమ్మ మూట విప్పి, లెక్కపెట్టిన బట్టలే మళ్ళీ లెక్కపెట్టింది.

మర్నాడు పొద్దున బడి గంట కొట్టకముందే ఆవిడ ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళింది. దారంతా మాటలు కూడగట్టుకుంది గానీ, అక్కడికి వెళ్ళాక ఒక్కటీ పనికిరాలేదు.

"నా మోకాలికేం నొప్పి లేదు. పరీక్షకి పేరు రాయించే గడువు రేపటితో సరి. నీకు చెప్పకూడదనుకున్నాను. నీ పిల్ల పోతే బడి మూతపడుతుందని చెప్పకూడదనుకున్నాను" అంది.

ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టె ఒక చొక్కా మీద ఆగిపోయింది. కమురు వాసన వచ్చేదాకా ఆగిపోయింది. ఎవరి చొక్కానో, ముందు పాకెట్టు దగ్గర గోధుమరంగు మచ్చ పడింది.

"మీరా టీచరమ్మా?" అంది. "ఈ ఊళ్ళో ఇంకెవరైనా అయితే నేను నమ్మేదాన్ని. మీరా?"

తిట్టి ఉంటే బాగుండేదని టీచరమ్మకి అనిపించింది. తిట్టలేదు. చొక్కా మడత పెట్టి పక్కన పడేసింది. ఆ రోజుకి ఎవరికీ ఇస్త్రీ లేదని ఎదుటి కొట్టువాడికి చెప్పి, "పేరు ఎక్కడ రాయించాలో అదైనా చెప్పండి" అని ముందు నడిచింది. టీచరమ్మ వెనక నడిచింది. ఆవిడని ఒకరి వెనక నడుస్తుండగా ఊరు చూడడం అదే మొదలు.

ముగ్గురి పేర్లూ రాయించారు. లెక్కల సారుకి సంగతి తెలిసి వారం పాటు మాట్లాడలేదు. పొద్దుటి క్లాసు మళ్ళీ మొదలైంది, సాయంత్రం క్లాసు కూడా వచ్చి చేరింది. పోయిన రోజులన్నీ పిల్లల మెదళ్ళలోకి ఒక్కసారిగా కూరాలన్నట్టు టీచరమ్మ ఊపిరి తీసుకోకుండా చెప్పింది. పిడుగు అందుకుంది. రెండో పిల్లాడూ అందుకున్నాడు. మూడోవాడి పేరు నిదానం. అమ్మానాన్న లేరు, కూరలమ్మే నాయనమ్మ పెంచుతోంది. వాడికి అన్నీ వచ్చు, కాకపోతే ప్రతిదీ మొదటి నుంచి మొదలుపెట్టి చివరిదాకా చెయ్యాలి. మధ్యలో ఎవరైనా అందిస్తే మళ్ళీ మొదటికి వెళ్తాడు. టీచరమ్మ అందించకుండా ఉండలేదు.

ఫలితాలు వచ్చాయి. పిడుగుకీ, రెండోవాడికీ సీట్లు. నిదానానికి రాలేదు, పేపరు ముగిసేలోపు వేళ ముగిసింది.

పిడుగు గౌనుతో ఫోటో దిగింది. ఇస్త్రీ ఆవిడ టీచరమ్మతో ముక్తసరిగానే మాట్లాడింది గానీ, ఫోటో అద్దాన్ని కొంగుతో తనే తుడిచి తగిలించింది. టీచరమ్మకి అది చాలనిపించింది, చాలదని కూడా అనిపించింది.

ఇక బడి సంగతి. ఇద్దరు పోయారు. దానికి తోడు సెలవుల్లో ఒక కుటుంబం పిల్లాపాపలతో ఊరే వదిలి వెళ్ళిపోయింది. నలభైకి పైన కాదు, కిందే తేలారు. కనీసం ఉన్నవాళ్ళు జారిపోకుండా చూసుకుందామని టీచరమ్మ నిదానం ఇంటికి బయల్దేరింది. ఫలితాలు వచ్చిన రోజు ఆ ఇంటి ముందు నుంచే గబగబా పోయిందని ఆవిడకి గుర్తు లేదు.

నాయనమ్మ గుమ్మంలో వంకాయలు ఏరుతోంది.

"వాడు ఆరో తరగతికి మన బడికే కదమ్మా" అంది టీచరమ్మ, అడగడానికి కాకుండా ఖాయం చేసుకోవడానికి.

"ఎలా వస్తాడు టీచరమ్మా? సీటు రానివాడు మళ్ళీ అదే బడికి ఏ మొహం పెట్టుకుని వస్తాడు? ఇంతవరకూ ఎవరైనా వచ్చారా?"

నిజమే. ఎవరూ రాలేదు. దర్జీ కొట్టులో గుండీలు కుట్టే పిల్ల, పసుపు బస్సెక్కే అన్నదమ్ములు, హైవే అవతలి బడికి ప్రాణాలకు తెగించి వెళ్ళే ఒక పొడుగాటి పిల్ల, అందరూ ఒకప్పుడు ఆవిడ వరండాలో కూర్చున్నవాళ్ళే. పరీక్ష పోగానే ఒక్కొక్కరే తప్పుకున్నారు. పిల్లల కోసం ఊరంతా గాలించిన మనిషి ఆ గుమ్మాలు ఒక్కటీ ఎక్కలేదు.

నిదానం లోపలి నుంచి వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు.

"టీచర్, మీకు నా మీద..."

"నమ్మకం ఉందిరా, ఎందుకుండదు" అని ఆవిడ అలవాటు కొద్దీ పూర్తిచేసింది.

వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"టీచర్, మీకు నా మీద కోపం కదా. ఆ రోజు మా ఇంటి ముందు నుంచి వెళ్తూ తల తిప్పేసుకున్నారు."

టీచరమ్మ ఆ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుండిపోయింది. నాయనమ్మ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది, ఆవిడ కూర్చోవడం ఎవరూ ఎరగరు మరి. కోపం వాడి మీద కాదని, తన మీద తనకే సిగ్గని, ఆ సిగ్గుతో మొహం చాటేస్తే పిల్లలు దాన్ని కోపమనుకున్నారని చెప్పాలనుకుంది. అంత పెద్ద మాటలు వాడికి అర్థమవుతాయో లేదోనని, "తప్పు చేశానురా. కోపం లేదు" అని మాత్రం అంది.

వాడు ఆలోచించాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆ సెలవులన్నీ ఆవిడ మళ్ళీ తిరిగింది, ఈసారి ఎక్కని గుమ్మాలు ఎక్కుతూ. దర్జీ కొట్టు పిల్ల చూడగానే ఏడ్చేసింది. ఒక తండ్రి, "అప్పుడు కనబడని పిల్లాడు ఇప్పుడు లెక్క తక్కువైతే కనబడ్డాడా?" అని మొహం మీదే అడిగాడు. అవునంది ఆవిడ. అబద్ధం ఆడే ఓపిక ఇక లేదు. ఆయన తలుపు వేసేశాడు. పొడుగాటి పిల్లని, మరో ఇద్దరినీ లెక్కల సారు తన సైకిల్ మీద తిరిగి ఒప్పించాడు. ఎందుకు చేశాడో చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఎంతమంది నిజంగా వస్తారో ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో మాట ఇచ్చి గేటు దాకా రానివాళ్ళని చాలామందిని చూశారు.

బడి తెరిచిన రోజు టీచరమ్మ గేటుకీ వరండాకీ మధ్య నేల అరిగేలా తిరిగింది. చిన్నపిల్లలు వచ్చారు. దర్జీ కొట్టు పిల్ల వచ్చింది, రెండేళ్ళ కిందటి యూనిఫాం మోకాళ్ళ పైకి వచ్చేసింది. పొడుగాటి పిల్ల వచ్చింది. పసుపు బస్సు అన్నదమ్ములు రాలేదు, బస్సు కిటికీలోంచి చూస్తూ వెళ్ళిపోయారు. గంట కొట్టేశారు. సారు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఆవిడ వైపు చూసి, ఒక వేలు మడవకుండా అలాగే ఉంచాడు.

అందరూ లోపలికి వెళ్ళాక నిదానం గేటు దగ్గర కనిపించాడు. పరుగెత్తుకుంటూ రాలేదు, నడిచే వచ్చాడు. పక్కన కూరల గంప నెత్తిన పెట్టుకుని నాయనమ్మ. ఆవిడ గేటు బయటే ఆగి, వాడు లోపలికి వెళ్ళేదాకా చూసి, బజారు వైపు తిరిగింది.

ఆరో తరగతి గది ఎన్నాళ్ళగానో సామాను గది. నిన్ననే ఖాళీ చేశారు. టీచరమ్మ కుర్చీ మీది సుద్దముక్కల డబ్బాలు కింద పెట్టి, కుర్చీని ఆ గదిలోకి మోసుకొచ్చి, కూర్చుంది. పిల్లలు ఒకరినొకరు పొడుచుకున్నారు.

"మొదటి పాఠం. నువ్వు చదువు" అంది నిదానంతో.

వాడు లేచి నిలబడ్డాడు. పుస్తకం సరిచేసుకున్నాడు. చదవడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఆఫీసరు తలలు లెక్కపెట్టడానికి వచ్చాడు. "అమ్మా, నాకు ఇంకో రెండు బళ్ళున్నాయి" అనబోయాడు. టీచరమ్మ లేవకుండానే చెయ్యెత్తి ఆగమంది. ఆయన ఆగాడు.

వాక్యం సగంలో నిదానం ఒక పెద్ద పదం దగ్గర చిక్కుకున్నాడు. గదంతా టీచరమ్మ వైపు తిరిగింది. ఆ పదం ఆవిడ నాలుక చివరే ఉంది. కుర్చీ కింద కాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ఆవిడ పెదవులు బిగించి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిడుగు అయితే ఈపాటికి పాఠమే ముగించేదన్న ఆలోచన వచ్చింది, పోయింది.

వాడు మళ్ళీ మొదటికి వెళ్ళాడు. ఒక్కొక్క మాటే చదువుకుంటూ ఆ పదం దాకా వచ్చి, దాన్ని దాటి, వాక్యం చివరి దాకా చదివి, తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"ఊఁ, తర్వాత" అంది టీచరమ్మ.